వానలకు పైకి లేచిన రంగులరాట్నం గుర్రం: తప్పు చెక్కదా, జిగురుదా, రంగుదా?

పాలకొల్లు లెక్కల మాస్టారు
జూలై 11, సాయంత్రం 6:40

సభ్యులందరికీ నమస్కారం. పదవీ విరమణ తరువాత నాలుగేళ్లుగా ఇంటార్సియా పని నేర్చుకుంటున్నాను. బొమ్మ గీతల వెంట చెక్కను చిన్న ముక్కలుగా కోసి, ప్రతి ముక్క అంచునూ గుండ్రంగా అరగదీసి, రంగు వేసి, అన్నిటినీ ఒక ప్లైవుడ్డు పలక మీద పక్కపక్కన అంటించి, బొమ్మ గోడలో నుంచి ముందుకు వస్తున్నట్లు చూపించే పని ఇది అని కొత్తవారి కోసం చెబుతున్నాను. చిన్నతనంలో కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి వెళ్లినప్పుడు, చేత్తో తిప్పే రంగులరాట్నం మీద ఎక్కిన ఎర్ర చెక్కగుర్రం ఇప్పటికీ నా కళ్లలో ఉన్నది. నాలుగేళ్ల మనవరాలి గదిలో అలాంటి నాలుగు గుర్రాలను వరుసగా పెట్టాలని సంకల్పించుకుని, మొదటి గుర్రాన్ని మొన్న ఫాల్గుణంలో పూర్తి చేశాను.

గుర్రం రెండడుగుల ఎత్తు, 43 ముక్కలు. పెరట్లో గాలికి పడిపోయిన మామిడి చెట్టును కార్తీకంలో కోత మిల్లులో 20 మిల్లీమీటర్ల పలకలుగా కోయించి, మాఘంలో ముక్కలు కోశాను. వైశాఖం వచ్చేసరికి పొట్ట భాగంలో ముక్కల మధ్య గోరు దూరేంత సందులు పడ్డాయి. రంపపుపొట్టును ఫెవికాల్‌లో కలిపిన ముద్దతో ఆ సందులను పూడ్చి, పైన రంగు సరిచేశాను. మళ్లీ చూడముచ్చటగా తయారయింది. ఈ నెల మొదటి వానలకు పొట్టలోని మూడు ముక్కలు కలిసి గుడారంలాగా పైకి లేచాయి, మధ్య ముక్క ఊడి కింద పడింది. మనవరాలు దానిని చేతిలో పట్టుకుని వచ్చి "తాతా, గుర్రానికి పొట్ట పోయింది" అన్నది. మిగిలిన మూడు గుర్రాలకు గీతలు గీసి పెట్టుకున్నాను గాని, కారణం తెలియకుండా రంపం పట్టబుద్ధి కావడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

రాజోలు చెక్కపని
జూలై 11, రాత్రి 9:15

మాస్టారూ, నమస్కారం. మాది తరాలుగా వడ్రంగం చేసే కుటుంబం. ఇంటార్సియా నా కొడుకు ద్వారా నాకు వచ్చిన పని. సమాధానం చెప్పే ముందు నాకు రెండు విషయాలు కావాలి. ఊడిపడిన ముక్కను తిరగేసి చూడండి. వెనుక వైపు నున్నగా జిగురు పొర కనిపిస్తున్నదా, లేక ప్లైవుడ్డు పొర ఏదైనా అంటుకుని వచ్చిందా? రెండవది, పొట్టలోని మూడు ముక్కలలో చెక్క చార, అంటే చెక్క పోగులు నడిచే గీత, నిలువుగా ఉన్నదా, గుర్రం పొడవు వెంట అడ్డంగా ఉన్నదా?

పాలకొల్లు లెక్కల మాస్టారు
జూలై 12, ఉదయం 7:05

ముక్క వెనుక ప్లైవుడ్డు పైపొర అరచేతి వెడల్పున అంటుకునే ఉన్నది. చార మూడింటిలోనూ నిలువుగానే ఉన్నది. పలక పొడవు చాలక అలా కోశాను. ఒక్కొక్క ముక్క వెడల్పు సుమారు 90 మిల్లీమీటర్లు.

రాజోలు చెక్కపని
జూలై 12, రాత్రి 8:50

మాస్టారూ, ఈ రెండు సంగతులతో జబ్బు తెలిసిపోయింది. ప్లైవుడ్డు పొర అంటుకుని వచ్చిందంటే జిగురు నిలబడింది, మామిడి చెక్క నిలబడింది, వెనుక పలక మాత్రం పొరలు విడింది. కాబట్టి జిగురును తప్పు పట్టవలసిన అవసరం లేదు. రంగుకు ఇందులో పాత్రే లేదు.

చెక్క తన పొడవు దిశలో దాదాపు మారదు. అడ్డ దిశలో మాత్రం గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుంటుంది. మామిడి వంటి చెక్కలో లోపలి తేమ ఆరు శాతం మారితే వెడల్పు ఒక శాతానికి కొంచెం పైగా మారుతుంది. మీ మూడు ముక్కలూ చార నిలువుగా పెట్టడం వల్ల 270 మిల్లీమీటర్ల అడ్డ వెడల్పు ఒకే వరుసలో చేరింది, అంటే మూడు మిల్లీమీటర్ల మార్పుకు మీరు అక్కడ చోటు ఇవ్వవలసి ఉన్నది. అంగుళం మందం పలకను గాలికి ఆరబెట్టాలంటే ఏడాది పడుతుందని మా నాన్నగారు చెప్పేవారు. మీ పలక మూడు నెలలే ఆరింది. పచ్చిదనం ఇంకా ఉండగానే అంటించారు కనుక, ఎండలకు అది కుంచించుకుని సందులు పడ్డాయి. ఇంతవరకు పెద్ద నష్టం ఏమీ లేదు.

నష్టం జరిగింది ముద్దతో పూడ్చినప్పుడు. వేసవిలో విడిన సందు, వానాకాలంలో ఉబ్బే చెక్కకు కావలసిన చోటు. ఆ చోటులో మీరు రాయిలాంటి ముద్దను నింపారు. ఆషాఢంలో చెక్క ఉబ్బింది, పక్కకు జరగడానికి దారి లేదు, వెనక్కు వెళ్లడానికి పలక ఉన్నది, ఇక ముందుకు లేవడం ఒక్కటే మిగిలింది. తలుపు బిగుసుకుంటే గడపను ఎవరూ తప్పు పట్టరు, చిత్రిక పట్టి తలుపుకు సందు ఇస్తారు. ఇక్కడా అంతే.

మిగిలిన మూడు గుర్రాలకు నా మాట ఇది. శరీరం ముక్కలకు చారను మెడ నుంచి తొడ వైపు అడ్డంగా నడిపించండి. గుర్రం ఒంటి మీద వెంట్రుక నడిచే తీరు కూడా అదే కనుక చూపుకు మేలు, పైగా అడ్డ వెడల్పు పొట్ట ఎత్తుకే పరిమితమై సగానికి తగ్గుతుంది. కాళ్లకు చార నిలువుగా, జూలుకు జూలు ఊగే దిశలో ఉండాలి. వెనుక పలకకు మామూలు ప్లైవుడ్డు వద్దు, ఐఎస్ 710 ముద్ర ఉన్న, తడికి తట్టుకునే మెరైన్ ప్లైవుడ్డు ఆరు మిల్లీమీటర్లది తీసుకోండి. జిగురు ముక్క అంచుల దాకా పూయకుండా నడిమి భాగంలోనే రూపాయి బిళ్లంత చుక్కలుగా పెట్టండి. ముఖ్యంగా, రంపం తీసిన సన్నని సందును సందుగానే వదిలేయండి.

రావులపాలెం రంపం
జూలై 13, మధ్యాహ్నం 1:30

పెద్దలకు నమస్కారం. నేను రెండేళ్లుగా స్క్రోల్ సా మీద, అంటే సన్నని బ్లేడుతో వంపులు కోసే యంత్రపు రంపం మీద, పని చేస్తున్నాను. రాజోలు బాబాయిగారి విశ్లేషణ బాగున్నది. అయితే తేమే సమస్య అయితే, బొమ్మ మొత్తానికి ముందూ వెనుకా పీయూ (పాలీయురేథేన్) పాలిష్ మూడు పూతలు వేసేస్తే లోపలికి తేమ ఎలా వెళుతుంది? చార దిశ గురించి ఇంత పట్టింపు అవసరమా?

మాస్టారికి మరొక సూచన. సందులు సమానంగా రావాలంటే రంపపు బ్లేడు బల్లకు సరిగ్గా లంబంగా ఉండాలి. మూలమట్టంతో చూస్తే చాలదు. 30 మిల్లీమీటర్ల మందం తుక్కు చెక్కలో ఒక చిన్న గాటు కోసి, చెక్కను తిప్పి అదే గాటును బ్లేడు వెనుక వైపు నుంచి ఎక్కించి చూడండి. అడ్డు లేకుండా దూరితే లంబంగా ఉన్నట్లు. లేకపోతే ముక్కలు పైన కలిసి కింద విడిపోతాయి. 20 మిల్లీమీటర్ల మామిడికి 5వ నంబరు బ్లేడు నాకు బాగా నడిచింది.

రాజోలు చెక్కపని
జూలై 13, రాత్రి 9:40

బాబూ, గాటు పరీక్ష మంచిది, నేనూ అదే చేస్తాను. పాలిష్ విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ఏ పూత అయినా తేమను ఆలస్యం చేస్తుందే గాని ఆపదు. నాలుగు రోజుల ముసురును పూత ఆపగలదు. మన వైపు ఆషాఢం నుంచి కార్తీకం దాకా గాలి తడిగానే ఉంటుంది కదా, అన్ని నెలలకు చెక్క తన లెక్క తాను తేల్చుకుంటుంది. వెనుక పలకకు పూత వేయమన్న మాట మాత్రం నిజం. ముందు ఒక్కవైపే పూసి వెనుక వదిలేస్తే పలక విల్లులాగా వంగుతుంది. ఇంకొక జాగ్రత్త, గుర్రాన్ని గోడకు ఆనించి తగిలించవద్దు. మన ఇళ్ల గోడలు నేల నుంచి చెమ్మ పీలుస్తాయి. వెనుక రెండు బద్దలు కొట్టి, గోడకూ పలకకూ మధ్య వేలెడు గాలి ఆడనివ్వండి.

బఫెలో గోదావరి వాసి
జూలై 15, ఉదయం 6:20

అందరికీ నమస్కారం. మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. ప్రస్తుతం న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో ఉంటున్నాను. మా ఊరికి దగ్గరలోనే నార్త్ టోనావాండా అనే పట్టణంలో పాత హెర్షెల్ రంగులరాట్నాల కర్మాగారం ఇప్పుడు ప్రదర్శనశాలగా ఉన్నది. అక్కడి గుర్రాల ముందు గంటల తరబడి నిలబడినవాడిని కనుక రెండు మాటలు చెప్పాలనిపించింది.

రాజోలు అన్నగారు చార గురించి చెప్పిన మాటను ఆ పాత పనివారు వంద సంవత్సరాల కిందటే పాటించారు. అమెరికాలో ఈ గుర్రాలు ఎక్కువగా బాస్‌వుడ్ అనే తెల్లని, మెత్తని చెక్కతో తయారయ్యేవి. శరీరాన్ని ఒకే దుంగలో తొలిచేవారు కాదు. పలకలను అంటించి లోపల బోలుగా పెట్టెలాగా కట్టి, తల, మెడ, కాళ్లను వేరు వేరు ముక్కలుగా చేసి చేర్చేవారు. దుంగ అయితే ఎండకు పగులుతుంది, పెట్టె పగలదు, బరువూ తగ్గుతుంది. కాలులో ప్రతి ఎముక వంపునకూ చెక్కను వేరుగా చేర్చి చారను కాలి పొడవు వెంటే ఉంచడానికి కారణం, అడ్డ చార పడిన చోట పిల్లవాడి బూటు తగిలినా కాలు పుటుక్కున విరగడమే.

మాస్టారు గీసిన గుర్రం తల ఎటు చూస్తున్నదో చెబుతారా? అమెరికా రంగులరాట్నం పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతుంది. అందువల్ల బయట నిలబడినవారికి గుర్రం కుడి పక్క కనిపిస్తుంది, తల చూసేవారి కుడివైపు ఉంటుంది. పనివారు తమ నైపుణ్యమంతా ఆ కుడి పక్క మీదే పెట్టేవారు. జూలు అటే ఎగురుతుంది, గాజు రాళ్లు అటే పొదుగుతారు, లోపలి వైపు మాత్రం సాదాగా వదిలేస్తారు. ఇంగ్లండులో రాట్నం గడియారం ముల్లు తిరిగినట్లే తిరుగుతుంది కనుక అక్కడ ఎడమ పక్క అలంకరిస్తారు. గోడ మీది ఇంటార్సియాలో మనకు కనిపించేది ఒకే పక్క కాబట్టి, నాలుగు గుర్రాలూ ఏ రాట్నం మీదివో ముందే నిశ్చయించుకుంటే బాగుంటుందని నా అభిప్రాయం.

పాలకొల్లు లెక్కల మాస్టారు
జూలై 15, రాత్రి 8:10

రాజోలు వారికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. కారణం తెలిసిన తరువాత ఊడిన ముక్కను చూస్తే దిగులు తగ్గింది. కాగితం మీద లెక్క వేసి చూసుకున్నాను, మీరు చెప్పిన మూడు మిల్లీమీటర్లూ సరిపోయాయి.

బఫెలో వారికి: నా గుర్రం తల చూసేవారి ఎడమవైపు ఉన్నది. మీరు చెప్పిన దానిని బట్టి అది ఇంగ్లండు గుర్రం అయింది. కాని నేను అలా గీయడానికి వేరే కారణం ఉన్నదని ఇప్పుడు తోస్తున్నది. గుడి చుట్టూ ప్రదక్షిణం చేసేటప్పుడు దేవుడు మన కుడి చేతి వైపు ఉంటాడు, బయట నిలిచినవారికి మన ఎడమ పక్కే కనిపిస్తుంది. గుర్రం ప్రదక్షిణం చేసినా అంతే. తీర్థంలో నేను ఎక్కిన రాట్నం ఎటు తిరిగిందో గుర్తు లేదు గాని, నా చేయి మాత్రం ప్రదక్షిణ దిశనే గీసింది. నాలుగింటినీ అలాగే ఉంచుతాను.

నా తరువాతి సందేహం రంగు గురించి. మొదటి గుర్రానికి తెల్ల అక్రిలిక్ రంగు రెండు పూతలు వేశాను. చెక్క చార పూర్తిగా మూసుకుపోయి, దూరం నుంచి చూస్తే ప్లాస్టిక్ బొమ్మలాగా ఉన్నది. కోసిన అడ్డ అంచులలో రంగు నల్లబడి మరకలుగా కనిపిస్తున్నది. చెక్క చెక్కగా కనిపిస్తూనే రంగుల గుర్రం కావాలంటే ఏం చేయాలి?

నరసాపురం అల్లిక
జూలై 16, ఉదయం 11:25

మాస్టారుగారికి నమస్కారం. నేను లేసు అల్లే కుటుంబంలో పుట్టి, బొమ్మలకు రంగులు వేసే పనిలో స్థిరపడ్డాను. చెక్క మీద రంగును పూతగా కాకుండా నీటి పొరగా వేయాలి. తెల్ల రంగు ఒక పాలుకు నీరు నాలుగు పాళ్లు కలిపి, కుంచెతో వేసి, ఒక నిమిషం ఆగి, పాత నూలు గుడ్డతో చార దిశలోనే తుడిచేయండి. రంగు చార గుంటలలో నిలిచి, గట్లు చెక్క రంగులోనే మిగులుతాయి. చాలదనిపిస్తే ఆరిన తరువాత మళ్లీ ఒక పొర వేయవచ్చు. ఎక్కువ వేసిన రంగును వెనక్కు తీసుకోవడం మాత్రం సాధ్యం కాదు. మామిడి లేత గోధుమ రంగులో ఉంటుంది కనుక తెల్ల గుర్రం కొంచెం మీగడ రంగుకు తిరుగుతుంది, అది గుర్రానికి అందమే.

అడ్డ అంచులలో మరకలకు కారణం, అక్కడ చెక్క గొట్టాల నోళ్లు తెరుచుకుని ఉండి రంగును ఎక్కువగా తాగడం. పలుచగా కలిపిన లక్క పాలిష్‌ను ముందుగా ఆ అంచులకు ఒక్కసారి రాసి ఆరనివ్వండి, ఆ తరువాత రంగు వేయండి. ప్రతి ముక్కకూ అంటించక ముందే విడిగా రంగు వేయాలి. పక్క అంచులలో సగం లోతు వరకూ రంగు దిగాలి, అప్పుడు సందులో పచ్చి చెక్క తెల్లగా తొంగిచూడదు. అడుగు భాగానికి మాత్రం రంగు తగలనివ్వకండి, జిగురు పట్టదు.

నలుపు కోసం నేను దుకాణం రంగు వాడను. మా అత్తగారిది పెడన. కలంకారీ పనిలో తుప్పు పట్టిన ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో రెండు మూడు వారాలు నానబెట్టి కసిమి అనే నల్ల ద్రావణం చేస్తారు. కరక్కాయ నీరు పట్టించిన గుడ్డ మీద ఆ కసిమి పడితే అప్పటికప్పుడు నల్లగా మారుతుంది. చెక్క మీదా అదే జరుగుతుంది. ముక్కకు కరక్కాయ నీరు రాసి ఆరబెట్టి, పైన కసిమి రాయండి. డెక్కలు, జూలు, ముట్టె నల్లబడతాయి, చార ఒక్కటి కూడా మూసుకుపోదు, ఎందుకంటే అక్కడ పూత లేదు, చెక్కే నల్లబడింది. తడికి చెక్క నూగు లేస్తుంది, ఆరిన తరువాత సన్న గరుకు కాగితంతో ఒకసారి తేలికగా రాసి తుడిచేయండి.

రావులపాలెం రంపం
జూలై 16, రాత్రి 10:05

అక్కగారూ, కసిమి సంగతి అద్భుతంగా ఉన్నది. కాని నాకు ఒక అభ్యంతరం ఉన్నది. ఇంటార్సియా అంటేనే సహజమైన చెక్కల రంగులతో బొమ్మ కూర్చడం. ఇటలీలో 1470ల నాటి ఉర్బినో రాజభవనంలో, అక్కడి ప్రభువు ఫెదెరీకో ద మోంతెఫెల్త్రో చిన్న గదిలో గోడలంతా చెక్క ముక్కలతోనే అలమరలు, పుస్తకాలు, వాద్యాలు ఉన్నట్లు కూర్చారు. మనకు పసుపుకు పనస ఉన్నది, ముదురు గోధుమకు గంగరావి చేవ ఉన్నది, నలుపుకు తాటి చేవ ఉన్నది. ఇన్ని ఉండగా రంగు డబ్బా తెరవడం ఎందుకు?

నరసాపురం అల్లిక
జూలై 17, ఉదయం 10:40

తమ్ముడూ, ఉర్బినో గది గురించి నీవు చెప్పింది నిజమే. అడవి జంతువునో, పక్షినో చేసేటప్పుడు నేను కూడా రంగు ముట్టను. కాని మాస్టారు చేస్తున్నది అడవిలో పరుగెత్తే గుర్రం కాదు, తీర్థంలో తిరిగే గుర్రం. దానికి ఎర్ర కళ్లెం, నీలం జీను, పచ్చ పూసలు, బంగారు అంచు ఉంటేనే అది రంగులరాట్నం గుర్రం అవుతుంది. ఎరుపును, నీలాన్ని ఏ చెట్టు ఇస్తుంది? ఎర్రచందనం కోయడానికి చట్టం ఒప్పుకోదు, మనమూ ఒప్పుకోకూడదు. పైగా పనస చెక్క కోసిన రోజున పసుపుగా ఉన్నా, వెలుతురు తగిలిన కొద్దీ గోధుమ రంగుకు తిరుగుతుంది. నాలుగేళ్ల పాప గదిలో పెట్టే బొమ్మ వెలిసిపోకుండా కళకళలాడాలి. నీవు చెప్పిన చెక్కలను ఒంటికి వాడి, అలంకారాలకు మాత్రం రంగు వేయడం నాకు నచ్చిన మార్గం.

జీను గుడ్డకు ఒక ఆలోచన చెబుతాను. బండార్లంక చీర అంచు ఏదైనా ఎదురుగా పెట్టుకుని, రెండు రంగులు, ఒక సన్న గీత మాత్రం తీసుకోండి. చీర మీది నమూనా మొత్తం చెక్కలోకి తీసుకురావాలని చూస్తే ముక్కలు వేలిగోరు కంటే చిన్నవై రంపం కింద ఎగిరిపోతాయి.

ద్రాక్షారామం కొత్త సభ్యుడు
జూలై 17, సాయంత్రం 5:50

తాటి చేవ, గంగరావి మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. మన చుట్టుపక్కల దొరికే చెక్కలలో ఈ పనికి ఏవి మంచివి?

రాజోలు చెక్కపని
జూలై 17, రాత్రి 9:20

బాబూ, నేను వాడినవి మాత్రమే చెబుతాను. కాలువ గట్ల మీది గంగరావి చేవ నున్నగా వస్తుంది, అంచులు విరగవు, జీనుకు దానిని మించింది లేదు. పనస మెత్తగా కోతకు వస్తుంది. టేకు బాగుంటుంది గాని నూనె గుణం ఉన్న చెక్క, అంటించే ముందు అడుగు భాగాన్ని స్పిరిట్ గుడ్డతో తుడవకపోతే జిగురు పట్టు తప్పుతుంది. తాటి చేవ నల్లని పోగులతో ఉక్కులాగా ఉంటుంది, బ్లేడును తినేస్తుంది, కనుక గుర్రం కంటికి, డెక్కలకు మాత్రమే వాడుతాను. కొబ్బరి చెక్కలో మొదలు దగ్గర బయటి భాగమే గట్టిది, నడిమి భాగం స్పాంజిలాగా ఉంటుంది. 1996 నవంబరు తుఫానులో కోనసీమలో కొబ్బరి తోటలు నేలమట్టమైనప్పుడు మా నాన్నగారు కొన్ని మొదళ్లను కోసి దాచారు. ఆ చెక్కలో మచ్చలు మచ్చలుగా ఉండే ముదురు చుక్కలు చుక్కల గుర్రం ఒంటికి అచ్చుగుద్దినట్లు సరిపోయాయి. ఆ గుర్రం ఇప్పటికీ మా ముందు గదిలో ఉన్నది, ఎవరు అడిగినా ఇవ్వలేదు.

తెల్ల చెక్క ఏదైనా కోసిన వెంటనే గాలి ఆడేలా బద్దలు పెట్టి పేర్చాలి. ఒకదాని మీద ఒకటి ఆనించి పేరిస్తే మన తేమకు వారంలో నీలి మచ్చలు పడతాయి. పురుగు పట్టకుండా బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన నీటిలో ముంచి ఆరబెట్టడం మంచిది.

రామచంద్రపురం నర్సు
జూలై 18, మధ్యాహ్నం 2:15

పిల్లల గది కనుక ఈ రెండు మాటలు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. అటక మీద మిగిలిపోయిన పాత ఎనామిల్ డబ్బాలను ఈ బొమ్మకు వాడకండి. ఇంటి రంగులలో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందు కొన్న పసుపు, ఎరుపు డబ్బాలలో సీసం ఎంత ఉన్నదో ఎవరూ చెప్పలేరు, పిల్లలు గోడ బొమ్మను తడిమి అదే చేయి నోట్లో పెట్టుకుంటారు. రెండవది చెక్క ధూళి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ముక్కలు అరగదీసేటప్పుడు ఎన్95 మాస్కు పెట్టుకోండి, తువ్వాలు చుట్టుకుంటే సరిపోదు. అరుగు మీద, పాప నిద్రపోయే గదికి దూరంగా పని చేయండి.

బఫెలో గోదావరి వాసి
జూలై 19, ఉదయం 5:45

నర్సుగారి మాటకు నా మద్దతు. ఇక్కడ పాత గుర్రాలను బాగుచేసేవారు పొరలు పొరలుగా ఉన్న రంగును గీకేటప్పుడు ఇదే భయంతో ఎంతో జాగ్రత్త పడతారు.

మాస్టారు మిగిలిన గుర్రాలను గీసే ముందు కాళ్ల విషయం ఆలోచించాలని కోరుతున్నాను. రాట్నం గుర్రాలలో నాలుగు కాళ్లూ గాలిలో ఉండేది ఎగిరే గుర్రం, వెనుక కాళ్ల మీద లేచి ముందు కాళ్లు ఎత్తేది ఒకటి, మూడు కాళ్లయినా నేల మీద ఉంచి నిలబడేది ఒకటి. నిలబడేవి బయటి వరుసలో ఉంటాయి, అలంకారం వాటికే ఎక్కువ. పాత చిత్రకారులు ఎగిరే గుర్రానికి ముందు కాళ్లు ముందుకు, వెనుక కాళ్లు వెనక్కు బార్లా చాపి గీసేవారు. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ కాలిఫోర్నియాలో వరుస ఛాయాచిత్రాలు తీసినప్పుడు, గుర్రం నాలుగు కాళ్లూ నేలను విడిచేది అవి పొట్ట కిందకు ముడుచుకున్నప్పుడే అని తేలింది. ఎగిరే గుర్రానికి కాళ్లను ముడిచి గీయండి. ఇంటార్సియాకు అది ఇంకొక విధంగా కలిసివస్తుంది: ముడిచిన కాలు పొట్ట ముందుకు వస్తుంది కనుక లోతు చూపించడానికి అవకాశం దొరుకుతుంది.

రాజోలు చెక్కపని
జూలై 19, రాత్రి 9:00

లోతు మాట బఫెలో వారు గుర్తుచేశారు. మాస్టారి ఫొటోలో ముక్కలన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి, గుర్రం అప్పడంలాగా కనిపించడానికి అదీ ఒక కారణం. అవతలి పక్క కాళ్లను 12 మిల్లీమీటర్లకు అరగదీయండి. ఒళ్లు 20 దగ్గరే ఉంచండి. జీను కింద ఆరు మిల్లీమీటర్ల ప్లైవుడ్డు ముక్క పెట్టి పైకి ఎత్తండి. ఇవతలి ముందు కాలు కింద మూడు మిల్లీమీటర్లది చాలు. పక్క ముక్కను ఎక్కడిదాకా అరగదీయాలో తెలియాలంటే, ఎత్తు ముక్కను ఆనించి దాని వెంట పెన్సిలు గీత గీసి, ఆ గీత కింద వరకే ఆకురాయి పట్టండి. గీత దాటితే పచ్చి అంచు బయట పడుతుంది. గుర్రానికి ప్రాణం చెంప ఎముక దగ్గర, భుజం దగ్గర ఉంటుంది, అక్కడ తొందర పడకండి. రంగు ఎంత బాగున్నా నీడ పడేది చెక్క వంపు మీదే.

పాలకొల్లు లెక్కల మాస్టారు
నవంబరు 16, సాయంత్రం 7:30

నాలుగు నెలల తరువాత మళ్లీ వ్రాస్తున్నాను. ఆలస్యానికి కారణం చెక్కను ఆరనివ్వడమే. మిగిలిన మామిడి పలకలను అటక మీద బద్దలు పెట్టి పేర్చి, ఒక ముక్కను గుర్తు పెట్టుకుని ప్రతి ఆదివారం వంటింటి త్రాసులో తూచాను. జూలైలో 412 గ్రాములు ఉన్న ముక్క, సెప్టెంబరు నెలాఖరుకు 396 దగ్గర ఆగి, మూడు వారాలు అక్కడే నిలిచింది. ఆ తరువాతే రంపం పట్టాను.

రెండవ గుర్రం ఈ దీపావళికి పూర్తయింది. శరీరం చార అడ్డంగా, కాళ్లు నిలువుగా, జూలు ఏడు ముక్కలలో వంపు తిరుగుతూ ఉన్నది. వెనుక మెరైన్ ప్లైవుడ్డు, రెండు వైపులా పూత, గోడకు వేలెడు దూరం. మొన్నటి ముసురులో ఐదు రోజులు ఎడతెగకుండా వాన పడినప్పుడు రోజూ పొట్ట దగ్గరి సందులో పోస్టుకార్డు పెట్టి చూశాను. ఎండ రోజున రెండు కార్డులు దూరిన సందులో అయిదవ రోజున ఒక్కటే దూరింది, ముక్కలు మాత్రం కదలలేదు. ఆ కార్డు చేతితో పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

ఒంటికి తెల్ల పొర బదులు ఎర్ర పొర వేశాను, తీర్థం గుర్రం రంగు అదే. జూలుకు, డెక్కలకు నరసాపురం చెల్లెమ్మగారు చెప్పిన కసిమి వాడాను. మొదటిసారి కరక్కాయ నీరు తక్కువై బూడిద రంగు వచ్చింది, రెండవసారి చిక్కగా కాచి రాస్తే తుమ్మెద రెక్కలాగా నల్లబడింది. మొదటి గుర్రం పొట్టలోని ముద్దనంతా సన్న రంపంతో తీసేసి, ఊడిన ముక్కను ఒక మిల్లీమీటరు అరగదీసి మళ్లీ అంటించాను, దానిని తెల్లగానే ఉంచాను.

తోక ఒక్కటే మిగిలింది. పాత రాట్నం గుర్రాలకు నిజమైన గుర్రపు వెంట్రుకల తోక పెట్టేవారని ఎక్కడో చదివాను. ఇక్కడ కొబ్బరి పీచు తోక పెట్టవచ్చా?

బఫెలో గోదావరి వాసి
నవంబరు 17, ఉదయం 6:10

మీరు చదివింది నిజమే మాస్టారూ. చాలా గుర్రాలకు వెనుక రంధ్రం చేసి నిజమైన వెంట్రుకల కట్టను బిగించేవారు. కొబ్బరి పీచు తోక ఉన్న రంగులరాట్నం గుర్రాన్ని నేను ఇంతవరకు ఎక్కడా చూడలేదు. దయచేసి పెట్టండి, ఫొటో పంపండి.

రాజోలు చెక్కపని
నవంబరు 17, రాత్రి 8:35

తప్పకుండా పెట్టవచ్చు. నీటిలో నానవేసి కొట్టిన పొడుగు పీచు తీసుకుని, దువ్వి, కసిమిలో ముంచి, నీడలో ఆరబెట్టండి. 10 మిల్లీమీటర్ల బరమాతో పలక దాకా రంధ్రం వేసి, పీచు కట్ట మొదలును నూలు దారంతో గట్టిగా చుట్టి, జిగురు లేకుండా లోపలికి దించి పక్క నుంచి ఒక వెదురు చీల కొట్టండి. పాప లాగుతుంది, తోక ఊడుతుంది, మళ్లీ పెట్టుకోవాలి కదా.